వెళ్లొస్తాననే మాట

మనవరాలు తన్మయి సంచిలో జంతికల డబ్బా సర్దాను. ఇంటి గోడని అడిగితే ఏ ప్రశ్నకైనా జవాబు వచ్చే రోజులివి. గోడకు కూడా తెలియనిది వెతకడం నేర్చుకోమని పదో తరగతి పిల్లలను వేసవిలో పీహెచ్‌డీ విద్యార్థుల వెంట పంపుతున్నారు. మా పిల్లకు సముద్రం అడుగునున్న ప్రయోగశాల వచ్చింది. అక్కడ పీహెచ్‌డీ చేస్తూ, నెలగా ఇంటికొచ్చి పాఠాలు చెబుతున్న హైమవతే తీసుకెళ్లడానికి వచ్చింది.

"వెళ్తున్నా మామ్మా," అంది తన్మయి.

"అదేం మాటే! వెళ్లొస్తాననాలి."

"వస్తాననడానికి ఆధారమేదీ? రుజువు లేనిది అనకూడదని హైమవతక్కే నేర్పింది."

హైమవతి నాలిక కరుచుకుంది. "అది ప్రయోగశాలలో పాటించమన్నానే పిల్లా, గుమ్మంలో కాదు!" అని నా వైపు తిరిగింది. "దాని బదులు నేనంటాను మామ్మగారూ. వెళ్లొస్తాను."

నా మనసు కుదుటపడింది. నీ కోసం ఇంకోసారి అనమ్మా అని అడగాలని తోచలేదు.

ప్రయోగశాలలోకి నీళ్లు వచ్చినప్పుడు హైమవతి పిల్లలందరినీ ముందు పైకి పంపేసిందట. తన్మయి ఇంటికొచ్చింది. ఇప్పుడు వీధి చివరికి వెళ్లినా వెళ్లొస్తాననే అంటుంది.

హైమవతి ఆ జ్యేష్ఠమాసంలో వెళ్లింది, తిరిగి రాలేదు.