వంకలు పెట్టిన పెద్దాయన

"దాని మీటల కింది తోలు ఎండిపోయింది."

సాక్సఫోన్‌ను తిరిగి బల్లమీద పెట్టబోతున్న రాయమల్లు ఆగిపోయాడు. గడప దాకా వెళ్లిన అతని భార్య చిలుకమ్మ వెనక్కి తిరిగింది.

మాట్లాడింది దుకాణం మూల కుర్చీలో కూర్చున్న ముసలాయన. నోట్లో ముందుపళ్లు లేవు. చేతిలో ఖాళీ చాయ్ గ్లాసు ఉంది. అంతవరకూ ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

రాయమల్లుది వరంగల్ కొత్తవాడ. కరెంటు ఉన్నప్పుడు పవర్‌లూమ్ నడుపుతాడు, పెళ్లిళ్ల కాలంలో సారంగపాణి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. ఎనభై రెండో సంవత్సరంలో కరెంటుకన్నా పెళ్లిళ్లనే ఎక్కువ నమ్ముకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు అదీ పోయేలా ఉంది. పెళ్లివాళ్లంతా సాక్సఫోనే కావాలంటున్నారు. ఎల్లుండి కేసముద్రం పెళ్లికి అది తెస్తేనే రమ్మన్నాడు సారంగపాణి. తేకపోతే నర్సంపేట నుంచి ఇంకో మనిషి వస్తాడు. వచ్చినవాడు మళ్లీ పోడు.

అందుకే, ఇంటి పెంకులు మార్చడానికి ఎత్తిన చీటీ డబ్బు కొంగున ముడేసుకుని, చిలుకమ్మ మొగుణ్ణి చౌరస్తాలోని బ్యాండు సామాన్ల దుకాణానికి తీసుకొచ్చింది.

పెద్ద సాక్సఫోన్ ధర విన్నాక ఆమె దానివైపు చూడటమే మానేసింది. చూసినందుకు కూడా ఏమైనా అడుగుతారేమోనని.

నిటారుగా ఉన్న చిన్నది చవకే. రాయమల్లుకు అది నచ్చింది. చిలుకమ్మకు నచ్చలేదు.

"గిది అచ్చం నీ క్లారినెట్ లెక్కనే ఉన్నది. పెండ్లోల్లు నమ్ముతరా? వంపు ఉండాలె."

"సప్పుడు ఒక్కటేనే."

"సప్పుడెవలు చూస్తరు? ఫోటోల వంపే వడుతది."

ఇక మిగిలింది ఈ చిన్న వంపుది. ఎవరో వాడినదే. పెద్ద సాక్సఫోన్‌కు పుట్టిన పిల్లలా మెడ వంచుకుని ఉంది. రాయమల్లు ఊదితే మొదట కీచుమంది. తర్వాత అప్పగింతలప్పుడు వాయించే పాట మెల్లగా అందుకుంది. రోడ్డుమీద పోయే సైకిలాయన ఒక కాలు కిందపెట్టి నిలబడ్డాడు.

దుకాణం యజమాని లక్ష్మీనర్సయ్య తొమ్మిది వందలన్నాడు. కొంగున ఉన్నది ఆరు వందలు.

"పోదాం పా" అంది చిలుకమ్మ.

సరిగ్గా అప్పుడే ముసలాయన నోరు విప్పాడు.

"తోలు ఎండితే ఏమైతది పెద్దయ్యా?" అడిగింది చిలుకమ్మ.

"గాలి పోతది బిడ్డా. కింది స్వరం పుక్కిలించినట్టు పల్కుతది."

"ఇన్నవా సేటూ? తొమ్మిది నూర్లకు గాలి వోయేదిస్తవా?"

లక్ష్మీనర్సయ్య ముసలాయన్ని గుర్రుగా చూశాడు. "పెద్దయ్యా, నువ్వు జర ఊకుంటవా?"

"ఉన్నదే చెప్తాన."

"సరే, ఎనిమిది నూర్లు."

"ఎడమచేతి కాడ స్ప్రింగు అసల్ది కాదు. కుట్టుసూది వంచి పెట్టిండ్లు."

"ఏడు!"

"నొక్కువడ్డ కాడ సాపు జేసి పాలిష్ కొట్టిండ్లు. ఎండల పెట్టి చూడుండ్రి."

లక్ష్మీనర్సయ్య లేచి నిలబడ్డాడు. "నా దుకాణంల కూసున్నవ్, నా చాయ్ తాగినవ్..."

"చాయ్ గూడ పల్సగనే ఉండె."

రాయమల్లు నవ్వాడు. చిలుకమ్మ నవ్వలేదు. సరుకుకు వంకలు పెట్టేది ఎవరో ఆమెకు బాగా తెలుసు. కూరగాయల మార్కెట్లో ఆమె కూడా, కొనదలచుకున్న వంకాయలనే తిడుతుంది.

మొగుణ్ణి పక్కకు లాగింది.

"ముసలోడు దీనిమీద కన్నేసిండు. మనం గడప దాటంగనే అగ్గువకు ఎత్కపోతడు."

"పండ్లు లేవు గదనే, ఏం ఊదుతడు?"

"కొడుకున్నడేమో. ఆరుకు అడుగు, జల్ది."

రాయమల్లు గొంతు సవరించుకున్నాడు. "ఆరు నూర్లు సేటూ. ఇగ మాకాడ లేవు."

"ఆరు గూడ ఎక్కువనే" అన్నాడు ముసలాయన.

లక్ష్మీనర్సయ్య రెండు చేతులూ ఎత్తేశాడు. "తీస్కపోండ్రి. మీతోని గాదు, ఈయినతోని నాకు తల నొస్తాంది."

డబ్బు చేతులు మారింది. ముసలాయన కుర్చీలోంచి లేచి చిలుకమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఒక్కపారి ఇస్తవా బిడ్డా? ఊరికే పట్టుకొని ఇచ్చేస్త."

ఆమె సాక్సఫోన్‌ను గుండెకు హత్తుకుని కొంగు కప్పేసింది. "ఎందుకు, ఇంకో వంక దొరుకవట్టనీకా? ఇది మాదైంది. నువ్వు వేరేది చూస్కో పెద్దయ్యా."

"గట్లనే బిడ్డా." ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. రాయమల్లు వైపు తిరిగాడు. "తమ్మీ, పై స్వరం కాడ పెదవి వదులు పెట్టు. బెదిరిస్తే పల్కది."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

దంపతులు బట్టల దుకాణాలు చూసుకుంటూ, ఏమీ కొనకుండా, మండీబజార్ దాకా నడిచాక రాయమల్లుకు గుర్తొచ్చింది. "దీనికి పెట్టె అడుగకపోతిమి."

"నువ్వీడనే ఉండు. ఉత్తగ ఇస్తడేమో అడిగొస్త" అని చిలుకమ్మ వెనక్కి నడిచింది. బేరం గెలిచిన ఊపు ఇంకా తగ్గలేదు.

దుకాణం బల్లమీద పాత నల్లపెట్టె తెరిచి ఉంది. లోపల ఎర్ర మఖ్మల్‌లో చిన్న వంపు సాక్సఫోన్ ఆకారం పల్లంగా దిగబడి ఉంది.

"నీకోసమే" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "గా వంకలు వెట్టిన పెద్దాయన ఇచ్చిపోయిండు. పైసలు తీస్కోవద్దన్నడు."

"ఏడున్నడు?"

"రిక్షాల సామాను ఏస్కొని బస్టాండుకు పోయిండు. మరిపెడల బిడ్డ కాడ ఉంటడట, ఇగ వరంగల్ రాడట. బస్సు ఎల్లిపోయుంటది."

చిలుకమ్మ మఖ్మల్‌లోని ఆ పల్లాన్ని వేలితో తడిమింది.

"ఆయినకాడ దీని పెట్టె ఎందుకున్నది సేటూ?"

"బాజా ఆయినదే గదమ్మా" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "పొద్దుగాల తెచ్చి, తొమ్మిది నూర్లకు ఒక్క పైస తగ్గినా అమ్మద్దని నాతోని ఒట్టేపిచ్చుకున్నది గూడ ఆయిన్నే."