ఆరని రంగు

"నల్లరాయి వేసినవాడు రేపటినుంచి ఈ ఊళ్ళో ఎలా తలెత్తుకు తిరుగుతాడో నేనూ చూస్తాను," అన్నాడు పెద్దాయన, బడి వరండాలో వరసగా నిలబడ్డ జనాన్ని తేరిపార చూస్తూ.

ఊరికి ఆయన మాటే మాట. ఆ చూపు తన మీద ఓ క్షణం ఎక్కువ ఆగినట్టనిపించి నర్సమ్మ తల దించుకుంది.

పట్నం నుంచి వచ్చిన ప్లానింగ్ ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "గదిలో రెండు బేసిన్లున్నాయి. మడుగు పూడ్చి అక్కడే ఆసుపత్రి కట్టాలంటే తెల్లరాయి, బడి వెనక దిబ్బ మీద కట్టాలంటే నల్లరాయి. ఒక్కొక్కరే వెళ్ళి, ఒక్క రాయి తీసి డబ్బాలో వేసి రండి. డబ్బా మా ఆఫీసులో తెరుస్తాం. మడుగు పూడ్చాలంటే మాత్రం ఊరంతా ఒప్పుకోవాలి. ఒక్క నల్లరాయి కనిపించినా ఆ పని ఆగిపోతుంది."

"దిబ్బ మీదకి దారేదండీ?" అన్నాడు కొట్టాయన. "దారి పడేసరికి మా పిల్లలు ముసలాళ్ళవుతారు. మాకు మడుగు జాగాయే కావాలి."

"మడుగు జాగాయే," అని అందరూ వంత పాడారు. నర్సమ్మా పాడింది. పాడకపోతే బాగుండదు కదా.

పోయిన వానాకాలం పెద్దాయన కోడలు పురిటి నొప్పులతో పట్నం వెళుతూ, దారిలోనే, జీపులో, ఊళ్ళో పురుళ్ళు చూసే నర్సమ్మ ఒళ్ళో కన్నుమూసింది. అప్పటినుంచి ఆసుపత్రి అన్న మాటకి ఎదురు చెప్పే నోరు ఊళ్ళో లేకుండా పోయింది. రోడ్డు పక్కన ప్రభుత్వానికున్న జాగా ఆ తుంగ మడుగొక్కటే. ఎండాకాలంలో మడుగు ఇంకితే బావుల్లో చేద నేలకి తగలడం చూడనివాళ్ళు లేరు. అయినా ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

నర్సమ్మ పుట్టిన ఊళ్ళో ఇలాగే మడుగు పూడ్చి సంత కట్టారు. కొన్నాళ్ళకి బావులన్నీ ఎండి, జనం తట్టాబుట్టా సర్దుకుని తలో దిక్కుకీ పోయారు. ఆ సంగతి ఒకసారి అత్తయ్య దగ్గర అంటే ఆవిడ కసురుకుంది.

"నోరు మూసుకో తల్లీ. కోడల్ని పోగొట్టుకున్న మనిషి ముందు బావులూ కప్పలూ అంటావా? మనం ఉంటున్నది ఆయన ఇచ్చిన ఇంట్లో. గుర్తుందా?"

గుర్తుండబట్టే ఇప్పుడు గుమ్మం దగ్గర ఓ క్షణం ఆగి గదిలోకి అడుగు పెట్టింది. కిటికీ మూసి ఉంది. ఎవరూ చూడటం లేదని తెలిసినా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి తెల్లరాళ్ళ మీదకి వెళ్ళింది. ఎండిపోయిన బావి కళ్ళ ముందు మెదిలింది. గబుక్కున ఒక నల్లరాయి అందుకుని డబ్బాలో పడేసింది.

అప్పుడు చూసుకుంది వేళ్ళు. మూడు వేళ్ళకి నల్లరంగు దట్టంగా అంటుకుంది. తెల్లరాళ్ళు ఏటి ఒడ్డున ఏరినవి, వాటికి ఏ రంగూ లేదు. నల్లవాటికి పొద్దున్నే హడావిడిగా రంగు కొట్టినట్టున్నారు. గోడకి రుద్దింది, రుమాలుకి రుద్దింది. పోలేదు.

చెయ్యి నర్సు కోటు జేబులో దోపుకుని బయటికి వచ్చింది. వేళ్ళు మండటం మొదలైంది.

వేసినవాళ్ళు వేసినట్టు ఇళ్ళకి పోవచ్చు. ఒక్కరూ పోలేదు. దొంగని పట్టేదాకా కదలమన్నట్టు ఆవరణలోనే నిలబడ్డారు. కొట్టాయన చంకల్లో చేతులు పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు. అత్తయ్య మూతి ముడుచుకుని సంచిలో ఏదో వెతుకుతోంది. అందరికన్నా ఆఖరున లోపలికి వెళ్ళిన పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. అటూ ఇటూ పచార్లు చేసి, సరిగ్గా నర్సమ్మ ముందు ఆగాడు.

"జేబులో ఏముంది నర్సమ్మా?"

"ఏం లేదండీ. థర్మామీటరు."

ఆయన నుదుటి నిండా చెమట. దవడ బిగించి ఉంది. "ఆఖరిదాకా మా కోడలి చెయ్యి పట్టుకున్నది నువ్వే కదా," అన్నాడు మెల్లగా.

"అవునండీ."

ఆయన తల పంకించి ముందుకు నడిచాడు. అరిచినా ఆమెకి ఇంత భయం వేసేది కాదు.

అంతలో ఆఫీసరు డబ్బాకి సీలు వేసి బయటికి వచ్చాడు. చదువు బోలెడంత ఉన్నట్టుంది గాని, ఏది ఎక్కడ అనకూడదో తెలిసినట్టు లేదు.

"ఒక్క మాట. నల్లరాళ్ళకి మావాడు పడవల అడుగున పూసే రంగు వేశాడు. అది ఇంకా ఆరలేదు. చేతికి అంటితే సబ్బుకి పోదు, వదిలేస్తే చర్మం తినేస్తుంది. ఎవరికైనా అంటుకుంటే మొహమాటపడకుండా వచ్చి కడుక్కోండి." కిరసనాయిలు డబ్బా, పాతగుడ్డ మెట్టు మీద పెట్టాడు.

ఒక్కరూ కదల్లేదు.

నర్సమ్మ జేబులోని చేతిని ఇంకా లోపలికి దోపుకుంది. ఇల్లు పోతుంది. అత్తయ్యని వెంటబెట్టుకుని ఎక్కడికి పోవాలి? జేబులోనే ఉంచుకుంటే సరి, ఎవరికీ తెలియదు. కానీ సాయంత్రం వడ్రంగి కూతురి పసిగుడ్డుకి స్నానం చేయించాలి. ఈ చేత్తో ఆ లేత ఒంటిని ఎలా ముట్టుకోవడం?

చెయ్యి పైకి తీసింది. తల దించుకుని, నల్లటి వేళ్ళు అందరికీ కనపడుతుండగా మెట్టు దగ్గరికి నడిచి గుడ్డ తడుపుకుంది. ఎవరో తిడతారని ఎదురు చూసింది. తిట్టు రాలేదు. వెనక ఒకరి చెప్పుల చప్పుడు వినపడింది, ఆ వెనకే చాలామందివి. మీద పడతారనుకుంది. గుడ్డ చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగింది.

కిరసనాయిలు కోసం ఊరంతా వరస కట్టి ఉంది, అందరికన్నా ముందు పెద్దాయన.