ఊపిరితిత్తి మీద మచ్చ

"తలుపు తీయకు అక్కా," అంది కోనీ, కిటికీ తెర సందులోంచి వీధిలోకి చూస్తూ. "టౌన్‌హాల్ నర్సమ్మ. మన గుమ్మానికే వస్తోంది."

"తీయకపోతే ఊరుకుంటుందా?" అంది హిల్డా. మాట వెనకే దగ్గు తన్నుకొచ్చింది. ఏప్రన్ అంచుతో నోరు నొక్కుకుంది. మిల్లు నుంచి వచ్చి ఇంకా బూట్లైనా విప్పలేదు.

లాంకషైర్‌లోని ఆ నూలు మిల్లులో సగం మందికి దగ్గే. దూది ధూళిలే అని సరిపెట్టుకునేవాళ్లు. కానీ క్రితం వారం సంత మైదానానికి ఎక్స్-రే బండి వచ్చినప్పుడు సాకులు చెల్లలేదు. ఛాతీ ఫోటో తీయించుకోనివాళ్లు మిల్లు గేటు దాటక్కర్లేదని మేనేజరు చెప్పేశాడు.

ఆ బండి పేరు వింటేనే హిల్డా హడలిపోయింది. వాళ్లమ్మకి క్షయ వచ్చినప్పుడు కొండ మీది శానిటోరియం ఆసుపత్రికి తీసుకెళ్లి, మంచు కురిసే వరండాలో మంచం వేశారు. పిల్లలిద్దరినీ గేటు బయటే ఆపేశారు. అమ్మ దూరం నుంచి చెయ్యి ఊపింది. మళ్లీ ఇంటికి రాలేదు.

నర్సు మిస్ గార్‌సైడ్ లోపలికి వచ్చి, టోపీ తీయకుండానే కూర్చుంది. పొయ్యి పక్కన కోనీ, అక్క కొడుకు కీత్‌ని ఒళ్లో పెట్టుకుని, చెంచాలో గంజి ఊది చల్లార్చి పెడుతోంది. ఎర్రటి బుగ్గల మనిషి, జలుబన్నది ఎరగదు.

"హిల్డా గారూ, మీ ఫోటోలో కుడి ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించింది," అంది నర్సు మెల్లగా.

"పొరపాటేమో," అంది హిల్డా.

"డాక్టరుగారు మళ్లీ మళ్లీ చూశారు. భయపడకండి, వెనకటి రోజులు కావివి. సూదిమందులొచ్చాయి. రేపు పొద్దున్నే అంబులెన్సు పంపిస్తాం."

కోనీ చేతిలో చెంచా ఆగిపోయింది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"బిడ్డని మాత్రం ఈ క్షణం నుంచే దగ్గరికి తీసుకోకండి," అంది నర్సు. "పగలంతా సాకేది మీ చెల్లెలేగా. ఆవిడ దగ్గరే ఉండనివ్వండి. వాడికి ఏ భయమూ ఉండదు."

ఆ మాటకి హిల్డా ఒక్క ఉదుటున లేచి, చెల్లెలి ఒళ్లోంచి పిల్లాణ్ణి లాక్కుంది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

"ఏమిటమ్మా ఇది? బిడ్డ మీద ప్రేమున్న తల్లి చేసే పనేనా?"

"దానికి ఇవ్వను," అంది హిల్డా, వాణ్ణి గుండెకి అదుముకుని.

నర్సు కోనీ వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పమ్మా మీ అక్కకి."

కోనీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పిల్లాడికి దూరంగా గోడ వెంట జరిగింది. "అక్క దగ్గరే ఉండనివ్వండి," అంది వేళ్ల సందుల్లోంచి.

"మీ ఇద్దరికీ మతి పోయిందా?"

హిల్డా తల ఎత్తలేదు.

"నా పేరు చెప్పి ఆ ఎక్స్-రే బండెక్కింది కోనీ."