అక్కడి గడియారం

“ఫ్యాను కొట్టుకుంటోందండీ, కాస్త చూడరూ,” అంటూ ల్యాప్‌టాప్ అతని బల్ల మీద పెట్టి, మెడలో టేపుతోనే కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయింది భార్య.

ఆ ముందుగదిలో సగం ఆమె టైలరింగు, సగం అతని కంప్యూటర్ రిపేరు. వీధిలో అందరూ అతన్ని డాక్టరనే పిలుస్తారు. డాక్టరు ల్యాప్‌టాప్ విప్పి, ఫ్యానులో చిక్కుకున్న దారప్పోగులు లాగేసి, మళ్ళీ బిగించి ఆన్ చేశాడు. తెర మూలనున్న గడియారం నొక్కితే దాని కింద ఇంకో గడియారం కనబడింది. అయిదున్నర గంటలు వెనక నడుస్తోంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు ‘అక్కడ’.

అక్కడ ఎవరున్నారు?

“ఈ రెండో గడియారం ఎందుకు?” అన్నాడు మామూలుగా.

మిషను ఆగింది. “అదా. దూరాన ఒక కస్టమరు లెండి. వేళ తెలియక నిద్ర లేపేస్తానేమోనని పెట్టుకున్నా.”

“ఏం కుట్టించుకుంటారు?”

“ఇంకా కొలతలే కుదర్లేదు,” అని నవ్వింది.

ఆ నవ్వు సూదిలా దిగింది. పెళ్ళికి ముందు ఆమెను చేసుకుంటానని వెంటపడ్డ ఫొటోగ్రాఫరు ఒకడున్నాడు. పై దేశం వెళ్ళాడని ఎవరో అంటే, ఏ దేశమో అతను అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగక్కర్లేదనిపించింది.

గురువారం సాయంత్రం పెరటి తలుపు అవతల ఆమె ఫోనులో మాట్లాడుతోంది. అతను నీళ్ళ చెంబుతో అక్కడే నిలబడిపోయాడు.

“లేదండీ, ఆయనకింకా చెప్పలేదు. ఎలా తీసుకుంటారోనని నాకూ భయంగానే ఉంది. ఆదివారం, మీకు పదింటికి. ఆయన్ని పక్కన కూచోబెట్టుకుని మీ ఎదురుగానే చెప్పేస్తా. అయ్యో, ఏడవకండి.”

ఏడుస్తున్నాడట. తన పెళ్ళాం కోసం వాడెవడో ఏడుస్తుంటే, ఓదార్పు తన పెరట్లోంచి వెళుతోంది.

భోజనాల దగ్గర ఆమే కదిపింది. “ఆదివారం మధ్యాహ్నం ఎక్కడికీ వెళ్ళకండి. ఒక సంగతి మాట్లాడాలి.”

“ఇప్పుడు మాట్లాడకూడదా?”

“కూడదు,” అంది. కళ్ళెత్తలేదు.

మర్నాడు ఆమె గుండీల కొట్టుకు వెళ్ళగానే అతను ల్యాప్‌టాప్ తెరిచాడు.

కంప్యూటరు దూరపు ఊరి టైమును ‘ఇన్ని గంటల తేడా’ అని ఊరికే రాసుకోదు. ఖండం పేరు, ఒక గీత, ఊరి పేరు. ఆ పేరు కింద ఆ ప్రాంతం వాళ్ళ గడియారం నియమాలన్నీ ఉంటాయి. కొన్నిచోట్ల ఎండాకాలం ముందు ఒక ఆదివారం తెల్లవారుజామున గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. కొన్నిచోట్ల జరపరు. అందుకే ఈ రోజు ఒకే టైము చూపించే రెండు పేర్లు, ఆ ఆదివారం దాటాక గంట తేడాలో విడిపోతాయి. ఇది డాక్టరుకు కరతలామలకం. ‘అక్కడ’ వెనకున్నది ముల్లు జరిపే ఊరు. జరిపేది ఈ ఆదివారమే.

ఆ పేరు తీసేసి, ముల్లు జరపని ఊరి పేరు పెట్టాడు. పైన ‘అక్కడ’ అలాగే ఉంది. టైమూ ఇవాళ్టికి అంతే ఉంది; ఆదివారం మాత్రం గంట వెనకబడుతుంది. రేపు పట్టుబడినా నేరం గడియారానిదే. చేతులు తుడుచుకున్నాడు, గ్రీజేమీ అంటకపోయినా.

ఆదివారం ఆమె అతనికి నీలం చొక్కా తెచ్చిచ్చింది. కొత్తగా కుట్టింది. “ఇది వేసుకోండి. బావుంటారు.”

వదిలేసే మొగుడికి ముస్తాబొకటి, అనుకుంటూ తొడుక్కున్నాడు. భుజాలు కొలిచినట్టు సరిపోయాయి.

గోడ గడియారం రెండున్నర కొట్టింది. అక్కడ పదైపోయింది. ఆమె తెర చూసుకుని, “ఇంకా తొమ్మిదే,” అని గొణుక్కుని, కూర్చోలేక, కుట్టిన జాకెట్టుకే మళ్ళీ కుట్టు వేసింది. అతను పాలు తాగిన పిల్లిలా కుర్చీలో కూర్చున్నాడు. ఈపాటికి వాడు తెర ముందు దువ్వుకుని కూచుని ఉంటాడు. తలుపు వంక చూసినట్టు తెర వంక చూస్తుంటాడు. చూడనీ. మూడింటప్పుడు మాత్రం ఆమె సూదికి దారం ఎక్కించలేకపోవడం చూసి, ఎందుకో లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

మూడున్నరకి ఆమె అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని వీడియో కాల్ కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కలిపింది. మూడోసారి మోగుతుండగా, అవతలి నుంచి వచ్చి ఉన్న నాలుగు ముక్కలు ఆమె కంట్లో పడ్డాయి. చదివి, తెర అతని వైపు తిప్పింది.

‘ఇక్కడ లైబ్రరీలో కంప్యూటరు గంటే ఇస్తారు. గంటా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. నా మొహం చూడ్డం ఇష్టం లేదని అర్థమైంది. తప్పు నాదే. ఇంక పిలవొద్దు.’

“ఎవడు వాడు?” అన్నాడు. గొంతులో గెలుపు దాగలేదు.

ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

“వాడేంటండీ. జాడ పట్టుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఒప్పించడానికి ఇంకో ఏడాది. మీకు ముందే చెప్పాక ఆఖర్న వెనక్కి తగ్గితే మీరు తట్టుకోలేరని దాచాను.”

“ఎవరి జాడ?”

“మీ నాలుగేళ్ళ వయసులో మిమ్మల్ని వదిలి వెళ్ళిపోయిన మీ అమ్మది.”