గుడారం సీను

"పావుణేలు గడపల నిలబడ్డరు. ఇగనన్న గా టీవీ బంద్ జెయ్యి," అంది కమల.

భర్త ఆంజనేయులు తల తిప్పలేదు. పాత హిందీ యుద్ధం సినిమా నడుస్తోంది, నలుపూ తెలుపూ. సైనికులు మంచులో పాకుతూ పోతున్నారు. వాళ్లుండే కుంఠా నాకా వీధిలో ఆ పక్క మరమగ్గాలు, ఈ పక్క టీవీలో తుపాకులు. ఆ మోతలో చుట్టాలు పెట్టిన రామ్‌రామ్ ఎవరికీ వినిపించలేదు.

వచ్చింది రామచంద్రం, అతని కూతురు మయూరి. టెంకాయ, చక్కెర పొట్లం పట్టుకుని కుంభారి కాలనీ నుంచి స్కూటర్ మీద వచ్చారు. ఆంజనేయులు ఒక్కగానొక్క కొడుకు నితిన్ సైన్యంలో ఉన్నాడు. మయూరిని చూసి ఇష్టపడ్డాడు. సెలవు మీద వచ్చి సాఖర్‌పుడా, అంటే నిశ్చితార్థం, చేసుకుందామనుకునేలోగా సరిహద్దులో గొడవ మొదలై సెలవు రద్దయింది. పిల్లవాడు లేకపోయినా పెద్దలు చక్కెర పంచుకుని సంబంధం ఖాయం చేసుకుందామని కమలే కబురు పెట్టింది.

"ఏమనుకోకుండ్రి. కొడుకు బార్డర్ మీదికి పోయినప్పటిసంది ఈయనకు గిదే పని," అంది కమల, ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి వాళ్లకు చాప పరుస్తూ. "యుద్ధం ఆడనేమో, ఈయన గెలిచేది ఈడ."

రామచంద్రం నవ్వాడు. తువ్వాళ్ల కార్ఖానాలో సూపర్‌వైజర్ అతను. ఏ సంగతి వచ్చినా తనకు తెలిసినంత ఇంకొకరికి తెలియదన్నట్టు మాట్లాడతాడు.

"నాకు సుత పాత యుద్ధం సినిమాలంటే పాణం బావా. ట్యాంకులు పేలుతయి సూడు, ఏక్ నంబర్. ఎన్నేండ్లయినా మర్సిపోం."

ఆంజనేయులు అప్పుడు చూశాడు అతని వైపు, చెప్పుకు అంటిన బురదను చూసినట్టు.

"ట్యాంకులు పోరగాండ్లు సూస్తరు."

"మరి పెద్దోళ్లు ఏం సూడాలె? పాటనా?"

"దాడికి పొయ్యే ముందర సిపాయిలు గుడారంల కూసుంటరు. జేబులకెల్లి ఫోటోలు తీస్తరు, ఇంటి ముచ్చట వెడ్తరు. గది సూడాలె."

"అరె, గది బోరు బావా. నేను గప్పుడే చాయ్ తాగనీకి బయటికి పోతుంటి."

"నీ అసొంటోళ్లు బయటికే పోతరు."

రామచంద్రం మొహం ముడుచుకుంది. మాట మళ్లించడానికి మయూరి సంచిలోంచి ఒక ఫోటో తీసి, సిగ్గుపడుతూ కమలకు అందించింది.

"ఆయన అడిగిండు అత్తమ్మా. ఆడ సిగ్నల్ ఉండదట, కాగితం ఫోటో పంపుమన్నడు. జేబుల వెట్టుకుంటడట."

కమల చేతికున్న తంబాకు పొడి కొంగుకు తుడుచుకునేలోపే ఆంజనేయులు లేచి వచ్చి ఆ ఫోటో లాక్కున్నాడు. బోర్లా తిప్పి మయూరి ఒళ్లో పడేశాడు.

"ఫోటో లేదు, గీటో లేదు. టెంకాయ వాపస్ దీస్కపోండ్రి. గీ లగ్గం అయ్యేది లేదు."



"ఏందయ్యా, తాగినవా?" అంది కమల.

"నేను తాగలే. లగ్గం లేదంటున్న."

రామచంద్రం లేచి నిలబడ్డాడు. "మా పిల్ల ఆనలేదా నీ కంటికి? కొడుకు మిలిటరీల ఉన్నడని ఇంత గర్వమా? వాడు ఆడ మంచుల నిలబడితే, నువ్వు ఈడ గోడకు ఆనుకొని తమాషా సూసెటోనివి. నువ్వేం వీరునివి?"

"ఏమన్న అనుకో. లేవుండ్రి."

అప్పుడే ఫోన్ మోగింది. నితిన్. ఎక్కడో కాస్త సిగ్నల్ దొరికినట్టుంది. కమల చెయ్యి చాచేలోగా ఆంజనేయులు ఫోన్ అందుకున్నాడు.

"ఇంటున్నవా? నీ లగ్గం తప్పిపోయింది. పిల్ల వద్దన్నది. ఆమెను మర్సిపో... అది కాదుర, నేను అడిగింది చెప్పు. లగ్గం అయితుందని నీ దోస్తులకు చెప్పినవా? చెప్పినవా? అయితే ఇప్పుడే పో. లేదని చెప్పు. ఒక్కొక్కనికి చెప్పు, తప్పిపోయిందని."

ఫోన్ పెట్టేశాడు.

మయూరి ఏడవలేదు. చెప్పులు వేసుకుంటూ అంది: "వద్దన్నది నేనా మామా? నా నోటికెల్లి రాని మాట నా పేరు మీద చెప్పినవు. నువ్వు ఇంత నీచమైన మనిషివని నితిన్ ఎన్నడు చెప్పలే."

"చలా, పోదాం," అన్నాడు రామచంద్రం. గుమ్మం దాటి, వెనక్కి తిరిగి, ఆ గడప ముందే ఉమ్మేశాడు.

స్కూటర్ వీధి మలుపు తిరిగేదాకా కమల వాకిట్లోనే నిలబడింది. పక్కింటి ఆడవాళ్లు బీడీలు చుట్టడం ఆపి చూస్తున్నారు. ఒకామె మూతి తిప్పింది. కమల లోపలికొచ్చి టీవీ తీగను గోడలోంచి పీకేసింది.

"తెర మీద ఎవడో సస్తే తువ్వాల తడిసేటట్టు ఏడుస్తవు," అంది. "కన్న కొడుకు ఒక్క మంచి మాట కోసం ఫోన్ జేస్తే వాని పాణం దీసినవు. నువ్వసలు తండ్రివేనా? పిల్ల ముంగట, వీధి ముంగట నా ఇజ్జత్ పోయింది. ఇగ నీ మొఖం సూడాలంటే నాకు రోత."

ఆంజనేయులు నల్లబడిన తెర వైపే చూస్తూ కూలబడ్డాడు.

"చిన్నప్పటిసంది సూస్తున్న కమలా," అన్నాడు. "గుడారంల పిల్ల ఫోటో సూపెట్టి, 'నేను ఇంటికి పోంగనే మా లగ్గం' అన్నోడు ఒక్క సినిమాలనన్న మళ్ల ఇంటికొచ్చిండా?"