పొట్టి సిగరెట్ల సుంకం

...అంటే కట్టేది ఫ్యాక్టరీ, భరించేది కొనుక్కున్నవాడు. రేపు బీకాం పిల్లలకు ఇలా చెబితే బుర్రకెక్కుతుంది. సిగరెట్టు ధర ఎంతైనా సరే, ఎక్సైజు సుంకం చూసేది దాని పొడవు. పొడుగుదానికి ఎక్కువ, పొట్టిదానికి తక్కువ. సరుకు ఫ్యాక్టరీ గేటు దాటేసరికే సుంకం దాని మీద పడిపోతుంది. తరవాత దాన్ని కాల్చినా, కొల్లేట్లో పారేసినా ప్రభుత్వానికి ఒకటే.

ఏలూరు ఆస్పత్రి వరండాలో కూర్చుని ఎడ్విన్ పాఠం గురించే ఆలోచించాలని చూస్తున్నాడు. లోపల డాక్టరు దగ్గర అతని ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఉంది. పక్కన భార్య కెజియా. 'నువ్వూ తీయించుకుంటేనే వస్తా' అని అతను మొండికేస్తే, తోడుగా తనూ తీయించుకుంది.

"అంత భయమైతే మానెయ్యచ్చు కదండీ," అంది.

"భయమేం కాదు. నేను పొట్టివే కాలుస్తున్నాగా. సుంకం తక్కువ."

"ఊపిరితిత్తులక్కూడా తక్కువే పడుతుందాండీ?"

"నాలాంటివాళ్లు మానేస్తే ప్రభుత్వానికి డబ్బెక్కణ్ణుంచి వస్తుందే?"

"అయితే సుంకం కట్టెయ్యండి, పొగ మానెయ్యండి."

ఎడ్విన్‌కు నవ్వొచ్చింది. "మెల్లిగా మాట్లాడు. మన సంఘం వాళ్లెవరైనా వింటారు."

వట్లూరు చర్చిలో అతను సంఘపెద్ద. సిగరెట్ల సంగతి కెజియాకు తప్ప ఎవరికీ తెలియదు. పక్కింటికి వాసన పోకుండా కిటికీలన్నీ మూసుకుని పడగ్గదిలోనే కాలుస్తాడు. పెళ్లయినప్పటి నుంచీ అంతే.

డాక్టరు సిల్వియా లోపలికి పిలిచింది. ఆమెదీ అదే చర్చి.

"మాస్టారూ, మీది శుభ్రంగా ఉందండీ."

ఎడ్విన్ ఒళ్లు తేలికైంది. పొట్టివి కాల్చడమే మంచిదైంది అనుకున్నాడు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి పెట్టెను తడిమింది.

సిల్వియా రెండో ఎక్స్‌రేను చాలాసేపు చూసింది.

"కెజియాగారూ, మీకే ఇక్కడో మచ్చ కనిపిస్తోందండీ. కంగారుపడకండి, స్కాన్ తీద్దాం. మీ ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాలుస్తారా?"

"అయ్యో, లేదండీ," అంది కెజియా వెంటనే. "మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు."

సిల్వియా తలూపి, ఆ మాటే రాసుకోబోయింది.

ఎడ్విన్ జేబులోంచి చెయ్యి తీసి, నెమ్మదిగా పైకెత్తాడు.