పాట కట్టినాయన ఫొటో

ఉవైస్ బ్యాగులో బట్టల మధ్య సర్దిన ఫొటోను అజీజున్నీసా మళ్ళీ బయటికి తీసింది.

"ఏంది దాదీ, గిట్ల జేస్తవ్? కారొచ్చే యాళ్లయింది," అన్నాడు మనవడు.

"పోకు బేటా. పోయినా దీన్ని ఇడ్సిపెట్టి పో."

ఆ ఫొటోలోని తెల్లగడ్డం మనిషిని అచ్చంపేటంతా పాట కట్టిన ఇమామ్ సాహెబ్‌గానే ఎరుగును. నిజాం పాలన పోవాలని అజీజున్నీసా తండ్రి కట్టిన పాటను ఇప్పటికీ బడిపిల్లలు పాడుతారు. ఆ కుటుంబాన్ని హైదరాబాద్‌కు పిలిచి సన్మానిస్తున్నారు.

సొంతూరు వీపనగండ్లలో తండ్రి, సంచి భుజాన వేసుకుని, సభలో పాడటానికి బయలుదేరిన రోజున ఆమెకు ఎనిమిదేళ్ళు. నిజాం పోలీసులు దారిలోనే పట్టుకుపోయారు. రాజ్యం మారాక, చలికాలంలో జైలునుంచి వచ్చాడని అందరూ చెప్పుకుంటారు. ఆ వెంటనే ఇల్లు అచ్చంపేటకు మారింది. దెబ్బలకు గొంతు పోయిందన్న ఆ మనిషి, బతికినన్నాళ్ళూ ఒక్క చరణం పాడలేదు. పాడమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆమె పచ్చగుడ్డలో రూపాయి బిళ్ళ చుట్టి ఉవైస్ దండచేతికి కట్టింది. ప్రయాణం పోయేవాళ్ళకు ఇమామ్ జామిన్ కట్టడం, క్షేమంగా వచ్చాక ఇంటివాళ్ళే విప్పి ఆ బిళ్ళను ఫకీరుకు ఇవ్వడం వాళ్ళ ఆనవాయితీ.

"మీ అబ్బాకు గూడ కట్టిన్రా?"

"మా అమ్మ కట్టింది."

"మరి వచ్చినంక ఎవరు విప్పిన్రు?"

ఆమె నీళ్ళ సీసా నింపావా అని అడిగింది.

ఉవైస్ ఆమె చేతిలోంచి ఫొటోను మెల్లగా తీసుకున్నాడు. "సన్మానం జేసేటోళ్లకు నలభై ఏడుల దిగిన ఫొటో దొరికిందంట దాదీ. పాట గుంపు నడుమ నిలబడ్డది ఆయనే. దాని పక్కనే మన ఫొటో పెట్టి, రెండూ పెద్దగ జేసి పేపర్ల ఏస్తరంట."

అజీజున్నీసా ఫొటో అంచు పట్టుకుంది. "ఉట్టిచేతులతోని పోతే సన్మానం జెయ్యరా?"

"జర నిమ్మళంగుండు. మన ఇంటి పేరు దేశమంత తెలుస్తది."

బయట హారన్ మోగింది. ఉవైస్ ఫొటోను బ్యాగులో పెట్టి జిప్పు లాగి, ఆమె నుదుటికి తన నుదురు ఆనించి వెళ్ళిపోయాడు. ఆమె గడపను పట్టుకుని, కారు మలుపు తిరిగేదాకా చూసింది.

ఆమెను కన్న ఇమామ్ సాహెబ్ 1948 ఆగస్టులో వీపనగండ్ల విడిచి, ఎన్నడూ తిరిగి రాలేదు.